మోకాలి నుంచి మొహం దాకా

హాలు పెద్దాయన ఫోనులో చెప్పింది "ఆఖరి ప్రదర్శన" అని. ప్రెస్సాయన చెవిన పడింది "ఆకలి ప్రదర్శన" అని. ప్రెస్సులో మిషను తిరుగుతుంటే పక్కన నిలబడి అరిచినా సగమే వినబడుతుంది. ఫోనులో అయితే ఆ సగంలో సగం. ఖ ఒత్తు దారిలోనే ఎక్కడో ఊడిపోయింది, రి నాలుక మడతపడి లి అయింది. తెల్లారేసరికి నాలుగు వీధుల గోడల మీద నలభై పోస్టర్లు: "చిట్టిదొర ఆకలి ప్రదర్శన. వచ్చే నెల మొదటి ఆదివారం, సాయంత్రం ఆరు గంటలకు. అందరూ రావాలి."

పది గంటలకి కార్మిక సంఘం నాయకుడు హాలుకొచ్చి, మా మద్దతు మీకే, ఇంతకీ మీ డిమాండ్లేమిటని అడిగాడు. పదకొండింటికి ఒక డాక్టరు బరువు తూచే మిషను చంకన పెట్టుకుని దిగాడు. మనిషి రోజుకెంత తగ్గుతున్నాడో రాసుకోవాలట. మధ్యాహ్నానికి తాత ఇంటి పక్కావిడ గిన్నె మీద మూత పెట్టుకుని మరీ వచ్చి, గుమ్మంలో నిలబడి గుసగుసగా అడిగింది.

"ఎన్నాళ్లయిందమ్మా ఆయన ముద్ద ముట్టి?"

"గంటయింది," అంది తాత భార్య. "ఇంకో గంట ఆగితే మళ్లీ అడుగుతారు."

నిజానికి చిట్టిదొర కొయ్యబొమ్మ, దాని చేత మాట్లాడించేవాడు తాత. దొర పుట్టి, అంటే చెక్కి, అరవై ఏళ్లయినా ఒక్క మెతుకు ముట్టలేదు. ఆ లెక్కన పోస్టరులో అబద్ధమేమీ లేదు. కానీ ఊరికి నిజంతో పనిలేదు, నిరాహారంతో పని. సాయంత్రానికి పోస్టర్లన్నీ పీకించి, హాలు పెద్దాయన ప్రెస్సుకి స్వయంగా వెళ్లాడు. ఇద్దరూ బావామరుదులు; తిట్టుకోవడానికి మొహమాటం ఉండదు.

"బావా, నీ చెవులకి సున్నం వేయించు."

"నీ నోటికి ఒత్తులు వేయించు ముందు," అన్నాడు ప్రెస్సాయన.

"సరే, ఇకమీదట ఫోను లేదు. ఏదైనా కాగితం మీదే. రాసిస్తాను, రాసిచ్చింది చూసి వెయ్యి."

అలా ఒక తప్పు దిద్దుకున్నారు. అసలు తప్పు ఆ కాగితంలోంచే పుట్టింది. అక్కడికి వెళ్లేలోగా తాత ఎవరో చెప్పాలి.

తాత వయసు యాభై ఎనిమిది. కానీ ఇరవై రెండో ఏట నుంచే ఊరంతా ఆయన్ని తాత అంటోంది. దోషం వయసుది కాదు, వర్ణమాలది. బొమ్మ చేత మాట్లాడించేవాడికి పెదాలు కదలకూడదు. పెదాలు కదపకుండా అచ్చులు పలకొచ్చు, హల్లుల్లోనూ చాలావరకు పలకొచ్చు. ప, బ, మల దగ్గరికి వచ్చేసరికి పై పెదవి కింది పెదవిని పలకరించక తప్పదు. అవి పలకరించుకున్నాయంటే హాల్లో గుట్టు రట్టు. అందుకని బొమ్మ నోటికి ఆ అక్షరాలు నిషిద్ధం. అది మామా అనలేదు, బావా అనలేదు, బాబాయ్ అనలేదు, పెదనాన్నా అసలే అనలేదు. చుట్టరికాలన్నీ జల్లెడ పడితే మిగిలినవి అన్న, అక్క, తాత లాంటి నాలుగైదే. అన్న అంటే జనానికి నవ్వు రాలేదు. అక్క అంటే మరీ ఎక్కువ వచ్చింది. కనుక తాత ఖాయమైంది.

ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి పట్టుకుని బొమ్మ "ఏరా తాతా" అనేసరికి హాలు విరగబడి నవ్వింది, మర్నాటి నుంచి వీధి కూడా అందుకుంది. పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు పెళ్లికూతురి అన్న ఎక్కడో ఈ పిలుపు విని, వరుడి వయసు మళ్లీ కనుక్కునేదాకా ఏ కబురూ పంపలేదు. పెళ్లయిన మర్నాడు పాలు పోసేవాడు పంతొమ్మిదేళ్ల కొత్త పెళ్లికూతుర్ని "నాయనమ్మగారూ" అని పిలిచాడు. ఆవిడ పాలవాణ్ణి మార్చింది.

విద్య, బొమ్మ రెండూ తాతకి మేనమామ నుంచి వచ్చాయి. తన పేరు తను చెప్పుకోలేని దొర దొరెలా అవుతాడని, పెదాలు తగలని పేరు చూసి చిట్టిదొర అని పెట్టింది ఆయనే. ఆయన దగ్గర పాత పోస్టర్ల కట్ట ఒకటి ఉండేది. చిరిగిన చోటల్లా మైదా జిగురు పూసి అతికించిన చరిత్ర అది. అన్నిటికన్నా పాతదాని మీద "పొట్టతో మాట్లాడే వింత మనిషి" అని ఉంది. జనం మాట వినడానికి కాక పొట్ట చూడ్డానికి వచ్చేవాళ్లట. చొక్కా గుండీలు విప్పితే గానీ చప్పట్లు కొట్టేవాళ్లు కాదట. దాని తర్వాతి పోస్టరు మీద తాళం వేసిన పెట్టె, పక్కన "లోపల ఎవరూ లేరు, అయినా తిడతారు" అన్న అక్షరాలు. ఇంకోదాని మీద నేల కింద నుంచి గొంతు, కప్పు మీద నుంచి గొంతు. జనం భయపడుతూ వచ్చేవారు, మరింత భయపడుతూ పోయేవారు. తర్వాత ఒళ్లోకి బొమ్మ వచ్చింది, భయం పోయి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు పోస్టరులో ఇంకోటి కూడా జరిగింది: బొమ్మ పెరుగుతూ వచ్చింది, మనిషి తరుగుతూ వచ్చాడు. మేనమామ హయాంలో మనిషి మూలకి జరిగాడు. తాత హయాంలో మోకాలయ్యాడు.

అక్షరాలా మోకాలే. పోస్టరు నిండా చిట్టిదొర మొహం, ఎర్రకోటు, తెరిచిన నోరు. కింద ఒక నల్లప్యాంటు మోకాలు. అది తాతది. పోస్టర్లకి బొమ్మలు గీసే ఆయన్ని తాత ఒకసారి అడిగి చూశాడు.

"బొమ్మకి మొహం కావాలి, కూర్చోడానికి మోకాలు కావాలి," అన్నాడాయన కుంచె ఆపకుండా. "మిగతాది ఎవరికి కావాలి తాతా?"

ముప్పై ఆరేళ్లు అలాగే నడిచింది. తాత వీధిలో నిలబడి ఉంటే ఎవరూ గుర్తుపట్టరు. కూర్చుంటే మాత్రం, ఎక్కడో చూసినట్టుందే అంటారు. పళ్లపొడి కంపెనీవాళ్లు చిట్టిదొర చేత ప్రకటన చేయించారు. ప రాదు కనుక పళ్లూ అనలేదు, పొడీ అనలేదు. చెక్క పలువరుస చూపించి "నా దంతాలు చూడండి, రోజూ ఇదే రుద్దుతాను" అంది. సరుకు పేరు ఎత్తకుండానే సరుకు అమ్మిన ఘనత దొరకి దక్కింది, గోడల మీద మోకాలు తాతకి దక్కింది. రేడియోలో కూడా వేశారు. చుట్టూ గాజుగది, చూసేవాడు లేడు. అయినా తాత పెదవి మెదపలేదు. బయటికొచ్చాక ఇంజనీరు, "ఎవరికి కనబడుతుందని అంత అవస్థ?" అంటే, "దొర చూస్తున్నాడు కదండీ" అన్నాడు.

దొర ఇంట్లోనూ చూస్తుండేవాడు. కర్రబొమ్మే కనుక ఇంట్లో నడిచేది కర్రపెత్తనం. దొరకి పద్దెనిమిది కోట్లు, అన్నీ తాత భార్య కుట్టినవే. తాతకి రెండు. భార్యతో చెప్పలేని మాట ఏదైనా ఉంటే తాత దొర చేత చెప్పించేవాడు. "కూరలో కారాలు ఎక్కువయ్యాయట" అని దొర అంటే ఆవిడ దొరకే జవాబిచ్చేది: "వండుకోమని చెప్పు ఆ పక్కనున్నాయన్ని."

ఇంతలో మోకాలు అరిగిపోయింది. ముప్పై ఆరేళ్లు ఒకే చోట ఒకే బరువు. డాక్టరు ఎక్స్‌రే దీపానికెత్తి చూసి, ఇక ఒళ్లో ఏమీ కూర్చోబెట్టుకోవద్దన్నాడు. తాత పోస్టరుకెక్కిన ఒక్క అవయవమూ అలా చేతికి, అంటే కాలికి, దక్కకుండా పోయింది.

ఊరి హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కళాకారుడైనా ఆఖరి ప్రదర్శన ఇస్తే, ఆ పోస్టరుకి అద్దం కట్టించి లోపలి వరండా గోడకి తగిలిస్తారు. ఇక తియ్యరు. గాయని ఉంది, గొంతెత్తిన మొహంతో. ఇంద్రజాలికుడు ఉన్నాడు, మీసంతో. ఒంటి చక్రం మీద తిరిగినాయన కూడా ఉన్నాడు, పడబోతున్న మొహంతో. తాత ప్రతి ప్రదర్శనకీ ఆ గోడ ముందు నుంచే లోపలికి వెళ్లేవాడు. మరో నెలకి అక్కడ తనూ వేలాడతాడు. ఎన్నేళ్లయినా అలా వేలాడాల్సింది ఒక మోకాలేనా అని ఆయనకి నిద్ర పట్టలేదు.

హాలు పెద్దాయన గదికి వెళ్లి, ఈసారి దొరని ఇంట్లోనే వదిలేసి, సొంత నోటితో అడిగాడు.

"ఒక్క కోరిక ఉంది. పోస్టరు మీద నా మొహం వెయ్యాలి."

హాలు పెద్దాయనకి అరవై అయిదు. ఆయన కూడా తాత అనే అంటాడు. "మొహమా," అన్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు ఆ మొహంలోకి చూసి. "ఉన్నదే కదా, వేద్దాం తాతా. నీది ఒకటి, దొరది ఒకటి, విడివిడిగా పాస్‌పోర్టు ఫొటోలు తీయించి పంపు. పక్కపక్కన వేయిస్తా. ఎవరి కింద ఏం రాయాలో కాగితం మీద రాసిస్తా. ఇక ఫోను లేదులే."

ఫొటో స్టూడియోలో దొర వంతు ముందు వచ్చింది. మేనమామ ఆ తలని తన తల కొలతకే చెక్కించాడు, జుట్టు కూడా అసలుదే. దవడ పక్కల ఉండే చీలికలు కనబడకుండా తాత భార్య ఏటా మైనం నింపి రంగు వేస్తుంది. పాత రంగు పగిలి కళ్ల చివర సన్నగా ముడతలు వచ్చాయి, బుగ్గ మీద పుట్టుమచ్చలా ఒక మరక. ఫొటోలో దొర ఎవరో జోకు చెబితే అప్పుడే నవ్వినవాడిలా పడ్డాడు.

తర్వాత తాత కూర్చున్నాడు. బుగ్గలకి స్టేజీ రంగు, జుట్టుకి నిన్న వేసిన నల్లరంగు.

"కదలకండి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆ మాట ఇంకెవరితోనైనా అనొచ్చు. ముప్పై ఆరేళ్లు కదలకుండా ఉండటమే పనిగా బతికినవాడితో అనకూడదు. తాత కొయ్యబారిపోయాడు. కళ్లు గాజుకళ్లయ్యాయి, పెదాలు నూలుపోగంత తెరుచుకుని ఆగిపోయాయి. ఇన్నేళ్లు దవడ బిగబట్టినందుకు నోటి చివరల నుంచి గడ్డం దాకా రెండు నిలువు గీతలు పడి ఉన్నాయి, బొమ్మ దవడకి చీలికలుంటాయే, సరిగ్గా అక్కడ. పెళ్లాం ఒకరి గీతలు పూడ్చింది, వృత్తి ఇంకొకరికి గీతలు తవ్వింది.

రెండు ఫొటోలూ ఒక కవరులో పడ్డాయి. హాలు పెద్దాయన కాగితం మీద గుండ్రని అక్షరాలతో రెండు లైన్లు రాశాడు: "ఒకటి, విఖ్యాత కళాకారుడు. రెండు, మాట్లాడే బొమ్మ." ఏ లైను ఏ ఫొటో కిందకో రాయలేదు. ఎందుకు రాస్తాడు? ఒకరు మనిషి, ఒకరు బొమ్మ. కళ్లున్నవాడికి తెలియదా?

ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చునేది ప్రెస్సాయన కోడలు. ఈ ఊరికి వచ్చి మూడు నెలలు. తెలివైన పిల్ల, ఆ మూడు నెలల్లో మామగారి దగ్గర అచ్చుతప్పులు దిద్దే గుర్తులన్నీ నేర్చేసుకుంది. అక్షరం తీసేయడానికి ఒక కొక్కెం, చేర్చడానికి ఒక గొడుగు, రెండు మాటలు తారుమారైతే ఒకదాని మీదుగా ఇంకోదాని కిందుగా పాకే పాముగీత. నేర్చుకోనిది ఒక్కటే, తాతని గానీ దొరని గానీ ఎప్పుడూ చూడలేదు. కవరు విప్పి ఫొటోలు రెండూ తెర మీదకి ఎక్కించింది. ఒకాయన మనసారా నవ్వుతున్నాడు, కళ్ల చివర ముడతలు, పుట్టుమచ్చ. రెండో దానికి చెక్కిన జుట్టు, రంగు బుగ్గలు, గాజుకళ్లు, దవడ కీలు గీతలు స్పష్టంగా. ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పైగా బొమ్మ పనితనానికి ముచ్చటపడి కింద తన సొంతంగా ఒక లైను చేర్చింది: "బొమ్మంటే నమ్మలేరు."

అచ్చుకి ముందు సరిచూసుకోమని పంపిన ప్రతిని హాలు పెద్దాయన భూతద్దం పెట్టి చూశాడు. "ఆఖరి" అన్న మాట దగ్గర ఖ ఒత్తు, రి గుడి రెండుసార్లు చూసుకుని, తృప్తిగా సంతకం పెట్టాడు. మిగతాది చూడలేదు. కిందటిసారి తప్పు అక్కడే కదా దొర్లింది.

తాత, భార్య కూరలకని బయలుదేరి, మలుపులో గోడ ముందు ఆగిపోయారు. జానెడు కాదు, మూరెడు మొహం. తాతదే. మొదట ఆయన కళ్లు చెమర్చాయి. తర్వాత కింద అక్షరాలు చదివాడు.

"మాట్లాడే బొమ్మ," అని పైకే చదివింది భార్య. పక్క ఫొటో కింద కూడా చదివింది. "విఖ్యాత కళాకారుడు." "నేను కుట్టిన కోటుకి ఈ మర్యాద రావాల్సిందే లెండి," అంది.

తాత తరఫున జవాబు చెప్పడానికి దొర సంచిలో లేడు.

హాలుకి వెళ్లేసరికి టిక్కెట్ల కిటికీ ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. ఊళ్లో సగం మంది కొత్తవాళ్లు. మనిషిని పోలిన యంత్రాలు వస్తున్నాయని పేపర్లలో చదివి ఉన్నారు, ఇప్పుడు దగ్గర్నుంచి చూడబోతున్నారు. పాతవాళ్లు ఇదేదో తాత తమాషా అనుకున్నారు. హాలు పెద్దాయనకి సంగతి అర్థమయ్యేసరికి ఒక్క సీటు మిగల్లేదు. పదేళ్లలో ఇదే మొదటిసారి.

"నువ్వు చెప్పింది నిజమే తాతా, తప్పు పడింది," అన్నాడాయన తలుపు దగ్గరికి వేస్తూ. "కానీ ఈ తప్పుకి హాలు నిండింది. ఒప్పుకి ఎప్పుడైనా నిండిందా? ఒక్క సాయంత్రం నోరు మూసుకుని కూర్చో. నీ వృత్తి అదే కదా."

"మరి గోడకి?"

"గోడకి ఇదే. ఆనవాయితీ ప్రకారం, ఊళ్లో వేసిన పోస్టరే కదా తగిలించేది. అద్దం కూడా కట్టించేశా. మొహం అడిగావు, వచ్చింది. కింద ఏముంటే ఏం, జనం మొహం చూస్తారు గానీ అక్షరాలు చూస్తారా?"

"అక్షరాల వల్లేగా వరుస కట్టారు," అన్నాడు తాత. హాలు పెద్దాయనకి అది వినబడలేదు, లేక వినబడనట్టు ఉన్నాడు.

ఆదివారం ఆరింటికి తెర లేచింది. మోకాలు పనికిరాదు కనుక దొర కూడా కుర్చీలోనే, ముందు గుడ్డ పరిచిన బల్ల. పక్క కుర్చీలో తాత. ఆయన కుడిచెయ్యి దొర వెనక ఉంది, దొర చెయ్యి ఆయన భుజం మీద ఉంది. తెర లేవగానే, అలవాటు కొద్దీ, తాత మొహం కొయ్యబారింది. హాలంతా ఒక్కసారి "అబ్బా" అంది.

"కళాకారుడు కాస్త పొట్టి," అన్నారెవరో మూడో వరుసలో.

"అయితేనేం, బొమ్మని చూడు. కనురెప్ప వేసింది."

"ఊపిరి కూడా తీస్తోందయ్యా. లోపల బ్యాటరీ ఉంటుంది."

దొర పాత జోకులే వేశాడు, జనం నవ్వారు. కానీ ముప్పై ఆరేళ్లలో లేనిది ఒకటి తాతకి ఒంటి మీద తెలిసింది. చూపులు. ఆరువందల మంది తన మొహాన్నే చూస్తున్నారు. ఏళ్ల తరబడి ఆశపడ్డది అదే. దొర మాట్లాడుతుంటే ఎవరూ దొర వైపు చూడటం లేదు. ఆ వెచ్చదనం ఎంత బాగుందంటే, ఇలాగే కానిచ్చేద్దామా అనుకున్నాడు. కాసేపు చెక్కుచెదరకుండా కూర్చుంటే చాలు. అయినా చెక్కే కదా, చెదిరేదేముంది.

అప్పుడు వరండాలోంచి టక్కు టక్కు మని చప్పుడు వచ్చింది. గోడకి మేకు దిగుతోంది. జనం బయటికి వచ్చేలోగా పటం తగిలించెయ్యాలని హాలు పెద్దాయన తొందర.

నాలుగో దెబ్బకి తాత నోరు తెరిచాడు.

"ఆపండి," అన్నాడు, సొంత గొంతుతో, పెదాలు బాహాటంగా కదుపుతూ. "నేను బొమ్మని కాను. మనిషిని."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"నిజంగానండీ. పోస్టరులో తప్పు పడింది."

ఈల వేశారు. వెనక వరుసలో ఒకాయన లేచి నిలబడ్డాడు, బాగా కనబడటానికి. తాత మొహం ఎర్రబడింది, దానికీ చప్పట్లే. ఇక లాభం లేదని, జీవితంలో ఎన్నడూ వేదిక మీద చెయ్యని పని చేశాడు. పెదాలు గట్టిగా కలిపి, విడదీసి, బడిపిల్లాడిలా పలికాడు.

"ప. ఫ. బ. భ. మ."

"పెదాలు ఎంత చక్కగా అతుకుతున్నాయో చూశారా," అంది ముందు వరుసలో ఒకావిడ భర్తతో. "మీ ఫోనులో జవాబులు చెప్పే ఆ గొంతుకి ఇంత స్పష్టత ఎక్కడిది."

"నేను మనిషినని ఎవరితో చెప్పించమంటారు?" అన్నాడు తాత.

ఆ ప్రశ్న అడుగుతూనే ఆయనకి జవాబు తెలిసిపోయింది. ఈ ఊరు తన మాట ఎప్పుడు విన్నది గనక. పెదాలు మూశాడు. పక్క కుర్చీలో దొర మెల్లగా తల తిప్పాడు.

"ఏరా తాతా, చచ్చే దాకా అన్నీ నేనే అనాలా?" అన్నాడు దొర. "సరే కానీ. అయ్యలారా, అక్కలారా, ఇటు చూడండి. నేను కర్రని. ఈయన నరుడు. నా గొంతు ఈయన గొంతే. ఇన్నేళ్లుగా ఒక్కరన్నా అడిగారా, ఆ గొంతు ఎక్కడిదని? నా లో..." నాలుక తిరగక దొర ఆగాడు. ప రాదు కదా. "నాలో ఉన్నది ఈయన చెయ్యి. అది తీశాడంటే, ఇక నేను లేను."

తాత చెయ్యి తీశాడు. దొర తల ఒక పక్కకి వాలింది, దవడ కిందికి జారింది, ఒక పక్క మైనం రాలి బల్ల మీద పడింది. తాత లేచి, కుంటుకుంటూ బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడ్డాడు. మెడ మీద నుంచి చెమట కాలరులోకి కారుతోంది.

పాత ప్రేక్షకుడొకాయన కుర్చీలోంచి సగం లేచాడు.

"దొరే చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది," అన్నాడు.

జనం నమ్మేశారు. మనిషి మూడుసార్లు మొత్తుకుంటే చప్పట్లు కొట్టినవాళ్లు, కొయ్య ఒక్కసారి చెబితే తలలూపారు. ఎవరో ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, చాలాసేపు, కొంచెం సిగ్గుతో కూడా.

ఆ నవ్వులో ముందు వరుస నుంచి ప్రెస్సాయన కోడలు లేచింది. పక్కనే ఉన్న మామగారు ఆ అమ్మాయి కొంగు లాగుతూనే ఉన్నాడు.

"ఉండండి మామయ్యగారూ, చెప్పేస్తాను. ఆ తప్పు నాది," అంది హాలు వైపు తిరిగి. "కవరులో రెండు ఫొటోలొచ్చాయి, కాగితం మీద రెండు లైన్లొచ్చాయి. ఏది ఏ ఫొటో కిందకో లేదు. ఒకాయన నవ్వుతున్నాడు, ఒకాయన దవడకి గీతలున్నాయి. నవ్వేదాన్ని మనిషనుకున్నాను. నన్ను తిట్టేముందు మీరు కూడా ఆ ఫొటోలు చూడండి." తర్వాత తాతకి దణ్ణం పెట్టింది. "క్షమించండి తాతగారూ. బొమ్మని ఎంత బాగా చేశారో అని మీ మొహం చూసి అరగంట ముచ్చటపడ్డాను."

"పర్లేదమ్మా," అన్నాడు తాత. "నా మొహాన్ని అంతసేపు చూసింది నువ్వొక్కదానివే."

"నేనెక్కడికి పోయాను?" అంది భార్య తెర పక్కనుంచి. అది కూడా అందరికీ వినబడింది.

జనమంతా వరండాలోకి వచ్చి గోడ ముందు గుమిగూడారు. గాయనికీ ఇంద్రజాలికుడికీ మధ్య పటం వేలాడుతోంది, మేకు ఇంకా సగమే దిగింది. హాలు పెద్దాయన చేతిలో సుత్తితో, ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

"కొత్తది వేయిస్తాలే తాతా," అన్నాడు చివరికి. "మరోసారి ఊరంతా అతికించి..."

"కొత్తదెందుకు బావా," అన్నాడు ప్రెస్సాయన. "తారుమారైన లైన్లకి మా దగ్గర మందుంది." పటం దించి, వెనక అట్ట ఊడదీసి, పోస్టరు బయటికి లాగి బల్ల మీద పరిచాడు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి కోడలి చేతికిచ్చాడు. "నువ్వే గియ్యమ్మా."

ఆ అమ్మాయి "విఖ్యాత కళాకారుడు" మీదుగా ఎక్కి, "మాట్లాడే బొమ్మ" కిందుగా దిగి, రెండిటినీ కలుపుతూ ఒక పాముగీత గీసింది. మళ్లీ అద్దం బిగించి పటం తగిలించారు. ఆ గీతేమిటని ఒకాయన అడిగాడు.

"ఇది అటు, అది ఇటు అని," అన్నాడు ప్రెస్సాయన. "ఆయన మనిషి, ఈయన బొమ్మ. మేం తప్పు రాశాం."

వరుసలో వస్తున్న ప్రతివాళ్లకీ ఆయన అదే చెప్పాల్సి వచ్చింది. గాయనిని దాటి, పటం ముందు ఆగి, గీత వెంట వేలు పోనిచ్చి, ఓహో అని ముందుకి కదులుతున్నారు. తాత పటం కిందే గోడకి ఆనుకుని, అరిగిన మోకాలికి విశ్రాంతినిస్తూ నిలబడ్డాడు. దొర ఆయన భార్య చంకలో ఉన్నాడు, కోటు మడతపడకుండా.

బరువు మిషను తెచ్చిన డాక్టరు కూడా వరుసలో ఉన్నాడు. పటంలోకి చూశాడు, తాత వైపు చూశాడు, మళ్లీ పటంలోకి చూశాడు.

"ఏమనుకోకండి తాతగారూ," అన్నాడు, "ఫొటోలో కంటే బయటే కాస్త మనిషిలా ఉన్నారు."

తాత పెదాలు రెండూ విప్పి పకపకా నవ్వాడు. గడ్డం మీది గీతలు ఆ నవ్వులో ఎక్కడ కలిసిపోయాయో కనబడలేదు.